వికటకవికి వచ్చిన చిక్కు

గడచిన జనవరి మాసములో ఒక సాయంకాలము నాంపల్లి నుమాయిషు చూచుటకు పోవుచు, త్రోవలో మొజంజాహీ మార్కెట్టు గడియారపు గోపురము క్రింద కొంతసేపు నిలువవలసి వచ్చినది. నాతో వచ్చిన మేనల్లుడు ఐస్‌క్రీము తెచ్చెదనని లోపలికి పోయి అచ్చటి జనసమ్మర్దములో చిక్కుకొనెను. ఊరక నిలుచుట నాకు చేతకాదు. ముప్పదియేండ్లు తెలుగు పండితుడుగా జవాబు పత్రములు దిద్దినవాని కన్నులు గోడమీద వ్రాత కనబడినచో చదువక మానవు. చదివినచో తప్పు పట్టక మానవు. ఆనాడు వానికి మంచి విందు దొరికినది. కరెంటు స్తంభమునకు కట్టిన ఒక ఫ్లెక్సీ మీద జానెడేసి అక్షరములతో ఇట్లుండెను: "గ్ రామీణ చేనేత వస్ త్ ర ప్ రదర్ శన".

నాలుగు మాటలలో ఐదు వత్తులు ఊడినవి. అక్షరము క్రింద అణగియుండవలసిన వత్తులు పూర్ణాక్షరములై ప్రక్కన వచ్చి నిలిచినవి. వానిని మోయవలసిన అక్షరములకు నెత్తిమీద పొల్లులు మొలచినవి. మా బడిలో ఏ పిల్లవాడైన ఇట్లు వ్రాసియుండినచో ఆ దినమెల్ల బల్లమీద నిలబెట్టియుందును.

మేనల్లుడు రెండు కప్పులు చేతబట్టుకొని వచ్చి, నా చూపు వెంట తన చూపు పోనిచ్చి, పకపక నవ్వెను. "మామయ్యా! ఇంగ్లీషు అక్షరాలను ఇట్లా చెదరగొట్టడానికి మావాళ్ళు పనిగట్టుకొని ప్రోగ్రాములు రాస్తారు. తెలుగుకు ఆ కష్టం లేదు. ఎవరూ చెదరగొట్టకుండానే చెదిరిపోతుంది" అనెను.

హాస్యమునకు అన్న మాటయే. అయినను నాకు ఐస్‌క్రీము చవి తెలియలేదు. అందులో నిజమెంతయో కనుగొనవలెనని ఆ తరువాత కొన్ని వారములు ఆతనిని వదలిపెట్టక వెంబడించితిని. నాకు బోధపడినంత ఇచ్చట వ్రాయుచున్నాను.

అన్నట్లు, అక్షరముల చెదరుటకు ఆ మార్కెట్టు పేరే మొదటి ఉదాహరణము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ప్రభుత్వకాలమున 1935లో కట్టిన ఆ రాతి కట్టడమునకు ఆయన రెండవ కుమారుడైన ముఅజ్జం జాహ్ పేరు పెట్టిరి. ఆ పేరును ఉర్దూలో ఉన్నట్లు పలుకవలెనన్నచో కంఠమును, దంతములను రెంటిని శ్రమపెట్టవలసి యుండును. తెలుగు నోరు అంత శ్రమకు ఒప్పుకొనలేదు. 'ముఅజ్జం' కాస్త 'మొజం' అయినది. దుకాణముల పలకలపై ఒక్క వీధిలోనే "మోజంజాహి", "మొజాంజాహి", "మొజంజాహీ" అని మూడు విధములుగా చూచితిని. ఈ బెడదయే వలదని 'ఎమ్‌.జె. మార్కెట్' అని పొడి అక్షరములతో తేల్చివేసినవారు నాల్గవ తెగ. 2020లో పునరుద్ధరణము ముగిసి కట్టడము మరల నిగ్గు తేలినది గాని, పేరునకు ఇంకను పునరుద్ధరణము జరుగవలసియున్నది.

ఇక ఆ చెదరగొట్టు ప్రోగ్రాముల సంగతి. కంప్యూటరులో బొమ్మలు లేని, మీటలు లేని నల్లని కిటికీ యొకటి కలదు. అందులో మనము ఆజ్ఞను ఒక పంక్తిగా వ్రాయవలెను. యంత్రము జవాబును మరియొక పంక్తిగా ఇచ్చును. మనుష్యుడు టెలిప్రింటరు ముందు కూర్చుండి యంత్రముతో ఉత్తరప్రత్యుత్తరములు నడపిన నాటి మర్యాద అది. ఇంజనీర్లు రేయింబవళ్ళు ఆ కిటికీని చూచుచు కూర్చుండువారగుటచే, విసుగు పుట్టినపుడు అందులోనే వినోదములు కల్పించుకొనిరి. 1991లో పుట్టిన 'ఫిగ్లెట్' అను ప్రోగ్రాము మన మాటను చిన్న చిన్న గుర్తులతో పేర్చి ముగ్గువలె పెద్ద అక్షరములుగా వేయును. 'కౌసే' అనునది మనమిచ్చిన వాక్యమును ఒక ఆవు నోట పలికించును. 'రెవ్' అనునది పంక్తిని తోకనుండి తలకు త్రిప్పును. తలక్రిందులు చేయునవి కలవు; ధ్వనిశాస్త్రజ్ఞుల లిపిలో బోర్లపడిన రోమను అక్షరములు కొన్ని సిద్ధముగా నుండుటచే వానిని ఏరి కూర్చి పని గడుపుకొనును. ఇంగ్లీషు అక్షరమాలలో ప్రతి అక్షరమును 13 స్థానములు ముందుకు జరుపు ఎత్తు మరియొకటి. ఇరువదియారులో సగము పదుమూడు గనుక, రెండవసారి జరిపినచో మాట మరల తన యింటికి చేరును. పొడుపుకథకు విడుపు ముందే కంటబడకుండ దాచుటకు ఈ ఎత్తు పనికివచ్చెడిది.

ఈ వినోదములన్నిటిని కలిపి మా మేనల్లుడు తనకై ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసికొనియుండెను. ఇంగ్లీషు మాటలతో దాని విద్యలన్నియు ప్రదర్శించి, "తెలుగు మాట ఏదైనా చెప్పండి, తిప్పి చూపిస్తాను" అనెను.

"వికటకవి" అంటిని.

ఆ మాటను ఏరుటలో నాకొక స్వార్థము కలదు. తెనాలి రామకృష్ణునకు కాళికాదేవి అనుగ్రహించినదని కథలో చెప్పుకొను ఆ బిరుదమును ఎటునుండి చదివినను ఒక్కటియే. తెలుగు పిల్లవాడు బడిలో నేర్చు మొదటి అక్షర చమత్కారము అదియే. యంత్రము దానిని త్రిప్పినను ఏమియు చేయలేక ఓడిపోవునని నా పన్నాగము. ఓడిపోయినది నేను. తెరమీద "వకటకివ" అని వచ్చినది. అంతే కాదు, దాని ముందు ఒక గుడి, ఏ అక్షరమును ఆశ్రయములేక, చుక్కలతో గీసిన ఒక సున్నపై ఎక్కి కూర్చున్నది. 'ఈ మాట ఇరువైపుల ఒకటియేనా?' అని ఆతడు యంత్రమును అడిగెను. 'కాదు' అని జవాబు వచ్చెను. విజయనగరపు ఆస్థానమున ఎవరును ఓడింపలేని వికటకవిని ఒక నల్లని కిటికీ నిమిషములో పడగొట్టినది.

కారణము చెప్పెదను. కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకె తెలియును. ప్రపంచ లిపులన్నిటికి అంకెలు కేటాయించిన యూనికోడు పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 గదులు కలవు. ఆ గదులలో హల్లులు ఒక వరుస, గుడులు, కొమ్ములు, ఏత్వములు వేరొక వరుస. 'వి' అనునది మనకు ఒక అక్షరము. యంత్రమునకు రెండు అంకెలు: వకారమునకు 3125, గుడికి 3135. కావున అయిదు అక్షరముల వికటకవి దాని కడుపులో ఏడు అంకెలుగా ఉండును: 3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135. దీనిని తుదినుండి చదువుడు. మొట్టమొదట 3135 వచ్చును. అది గుడి. ఎక్కుటకు అక్షరము లేదు. తరువాతి వకారమునకు గుడి లేదు, అది ముందే వెడలిపోయినది. ఇంకొక గుడి పోయి కకారమునకు తగులుకొనినది. యంత్రము తప్పుచేయలేదు, చెప్పినది చెప్పినట్లు చేసినది. అక్షరమనగా నేమో దానికి మనము చెప్పలేదు, అంతే.

ఈ రహస్యము తెలిసిన తరువాత నాకును ఆటమీద ఆసక్తి కలిగినది. 'మొజంజాహీ' అని ఇచ్చితిని. పొగొట్టుకొనిన దీర్ఘమొకటి ముందు వ్రేలాడుచుండగా 'హాజంజొమ' అయి వచ్చినది. ఏదో యవన రాజు పేరువలె ఉన్నది. 'మార్కెట్' అని ఇచ్చితిని, 'టెక్రామ' అయినది. ఇందులో ఒక విశేషమును ఉపాధ్యాయులు గమనింపవలెను. 'ర్కె'లో రేఫము పైన, కకారము క్రింద. యంత్రము దానిని రేఫము, పొల్లు, కకారము, ఎత్వము అని నాలుగుగా ఉంచుకొనును. త్రిప్పగా ఎత్వము పోయి టకారమును పట్టుకొనినది. కకారము, పొల్లు, రేఫము అను వరుస వచ్చి, క్రింద నున్నది పైకిని, పైనున్నది క్రిందికిని పోయి 'క్ర' అయినది. సంయుక్తాక్షరములో ఏది ముందు పలుకునో ఏది వెనుక పలుకునో తెలియక తికమకపడు ఆరవ తరగతి పిల్లలకు ఇంతకంటె మంచి పాఠము నేను చెప్పియుండలేదు.

పదుమూడు స్థానములు జరుపు ఎత్తును కూడ చూచితిమి. ఇది మరియు విచిత్రము. మన పట్టికలో కొన్ని గదులు ఖాళీ. అరవమున నకారములు రెండు కలవు, మనకు ఒకటియే. భారతీయ లిపుల పట్టికలను సరిసమానముగా పేర్చుటకై ఆ రెండవ నకారమునకు మన వరుసలో ఒక గది ఊరక విడిచిపెట్టిరి. అది 3113. జకారము గది 3100. దానిని పదుమూడు జరిపినచో సరిగా ఆ ఖాళీ గదిలో పోయి పడును! 'మొజంజాహీ'లో ఎనిమిది అంకెలున్నవి. రెండు జకారములు, మకారము, దాని ఒత్వము, ఈ నాలుగును ఖాళీ గదులలో పడి మాయమైనవి. హకారము ఎత్వముగా మారినది. దీర్ఘములు రెండును రెండు వేరు గుర్తులైనవి. సున్న మాత్రము 'ఏ' అను అచ్చుగా మారినది. ఇంత పేరులో పలుకుటకు వీలైన అక్షరము ఆ 'ఏ' ఒక్కటియే మిగిలినది. 'ఏ మార్కెట్టు?' అని యంత్రము నన్నడిగినట్లుండెను.

మరి ఆ ఫ్లెక్సీ మీద ఎవరు ఆడిన ఆట అది? ఎవరును ఆడలేదు. కకారము, పొల్లు, రేఫము అని మూడు అంకెలు వరుసగా వచ్చినపుడు, వానిని కలిపి 'క్ర' అని అల్లి చూపుట వేరొక పని. ఆ పని తెలిసిన ప్రోగ్రాములు కలవు, తెలియనివి కలవు. తెలియనివానికి తెలుగు ఇచ్చినచో పొల్లును పొల్లుగానే, రేఫమును రేఫముగానే చూపును. ఆ నల్లని కిటికీ సయితము చాలచోట్ల ఈ కోవలోనిదే. టైపుమిషను అక్షరములవలె ప్రతి గుర్తునకు ఒకే వెడల్పు గల గడులను గీచికొని కూర్చుండుట దాని స్వభావము. రోమను అక్షరము గడిలో బుద్ధిగా ఒదిగి కూర్చుండును. మన 'స్త్రీ' ఏ గడిలో పట్టును? పైన దీర్ఘము, క్రింద వత్తు, ఆ వత్తునకు మరియొక వత్తు. ముక్కలై మూడు నాలుగు గడులలో పడును. మేనల్లుడు మార్కెట్టు కడ అన్న మాటకు అర్థము ఇదియే. ఒకరికి వినోదము, మనకు విధి.

ఇందులో కొంత ఊరట లేకపోలేదు. ఎక్కడ ఒక అక్షరము ముగిసి వేరొకటి మొదలగునో యంత్రములకు తెలుపు నియమావళి ఒకటి యూనికోడువారు చేసియున్నారు. గుణింతపు గుర్తులను హల్లుతో కలిపి చూడవలెనని అది ముందునుండియు చెప్పుచున్నది. కాని 'క్ర' వంటి సంయుక్తమును రెండు ముక్కలుగానే లెక్కించుచుండెను. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1వ కూర్పులో తెలుగు, దేవనాగరి, బెంగాలీ మొదలగు లిపులలో సంయుక్తాక్షరము ఒక్కటియే అని నియమము చేర్చిరి. మన పిల్లవాడు ఓనమాలతోపాటు తెలిసికొను సంగతి యంత్రములకు చట్టరూపమున తెలియుటకు అంతకాలము పట్టినది. ఆ నియమమును పాటించునట్లు మేనల్లుడు తన ప్రోగ్రామును సవరించెను. వికటకవి తిరిగి వికటకవి అయ్యెను. ఆ పూట మా యింట పాయసము చేయించితిని.

అక్షరములను చెదరగొట్టి ఆడుకొనుట మనకు కొత్తగాదు సుమా. ఇంజనీర్లు పుట్టకముందే మనవారు ఆ విద్యలో ఆరితేరినారు. అవధానములో 'వ్యస్తాక్షరి' అని ఒక అంశము కలదు. పృచ్ఛకుడు ఒక వాక్యమును మనస్సులో నుంచుకొని, అందలి అక్షరములను వరుస తప్పించి, స్థానపు సంఖ్యతో అప్పుడొకటి ఇప్పుడొకటి అందించుచుండును. అవధాని ఒకవంక పద్యములు చెప్పుచు, వేరొకవంక పరిహాసములకు బదులు చెప్పుచు, ఆ చెదరిన అక్షరములను లోలోపల పేర్చుకొని, తుదకు వాక్యమును అప్పగించును. 'చెట్టు నీడ చల్లన' అని ఆ వాక్యము అనుకొందము. పృచ్ఛకుడు 'నాల్గవది డ' అనును, 'రెండవది ట్టు' అనును. ఎంతటి కొంటెవాడైనను 'రెండవది టకారపు పొల్లు, మూడవది టకారము, నాల్గవది కొమ్ము' అనడు. అన్నచో సభవారు నవ్వుదురు. పదునారవ శతాబ్దపు పింగళి సూరన కళాపూర్ణోదయములో ముందునుండి చదివిన తెలుగును, వెనుకనుండి చదివిన సంస్కృతమును అగు పద్యము నొకటి కూర్చినాడు. ఆయన త్రిప్పినదియు అక్షరములనే గాని ముక్కలను గాదు. అంత దూరమేల? మా చిన్ననాట పెద్దలకు తెలియకుండ మాటలాడుకొనుటకు ప్రతి అక్షరమునకు ముందు 'క' చేర్చెడివారము. 'నేను' అనుటకు 'కనేకను'. ఎనిమిదేండ్ల పిల్లలు పరుగెత్తుచు ఆ భాష మాటలాడుచుండిరి. ఒక్కనాడును అక్షరమును నడిమికి విరిచినవారు లేరు. అక్షరమునకు క్షరము లేదని పెద్దలనిన మాటలో వ్యాకరణము కూడ ఉన్నదని నాకిప్పుడు తోచుచున్నది.

2003లో కంప్యూటరు ఉత్తరముల ద్వారా ఇంగ్లీషు చదువరుల లోకమెల్ల తిరిగిన ఒక చమత్కారము కలదు. మాటకు తొలి, తుది అక్షరములను కదలింపక నడిమి వానిని ఎట్లు కలిపినను సులువుగా చదువవచ్చుననియు, దీనిని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు కనుగొనిరనియు అందులో వ్రాసియుండెను. వ్రాసిన అక్షరములును అట్లే చెదరియుండెను. కేంబ్రిడ్జివారు అటువంటి పరిశోధనము చేసియుండలేదు. 1976లో నాటింగ్‌హాం విశ్వవిద్యాలయమునకు సమర్పించిన ఒక సిద్ధాంత వ్యాసములో దాని మూలము కనబడుచున్నది. మాటలన్నియు అంత సులువుగా లొంగవు కూడ. తెలుగులో ఏమగునో చూచితిని. "మా ఉధ్యాపాయుడు గ్రంలథాముయనుండి పుకస్తములు తెచ్చెను." ఇది చదివి అర్థము చేసికొనని పిల్లవాడు మా యింట లేడు. ఇందులో అక్షరములు చెదరినవి గాని విరుగలేదు. అదే యంత్రపు అంకెలను కలిపి 'పుస్తకము'ను 'పమ్కుతసు'గా చేసి యిచ్చితిని. తొలి అంకెయు, తుది అంకెయు కదలలేదు. అయినను ఎవరును పోల్చలేకపోయిరి. తరగతిలో ఈ రెండు పరీక్షలను పిల్లలకు పెట్టి చూడుడని ఉపాధ్యాయ మిత్రులకు మనవి చేయుచున్నాను. సంధిచేత, ప్రత్యయములచేత సాగిన మన పొడుగు మాటలలో ఎన్ని అక్షరములవరకు చదువరి తట్టుకొనునో వారే లెక్కవేయవచ్చును.

వినోదము వినోదముగా నుండక లోకమును గడగడలాడించిన ఘట్టము ఒకటి జరిగినది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులను ఒక తెలుగు అక్షరము మూర్ఛపోవునట్లు చేసినది. అది 'జ్ఞా'. జ్ఞానములోని జ్ఞా! సందేశములో ఆ గుర్తు వచ్చినచో దానిని చూపబోయిన ప్రోగ్రాము ఆగిపోవుచుండెను. మరల తెరచిన మరల ఆగుచుండెను. కొంటెవారికి ఇంతకంటె ఏమి కావలెను? తెలుగు ఒక్క ముక్క తెలియనివారు కూడ ఆ అక్షరమును ఒకరిమీద నొకరు విసరుకొనిరి. పరదేశపు పత్రికలలో తెలుగు లిపి పేరు అంతగా వినబడిన దినములు అరుదు. వినబడినది మాత్రము ఫోనులను చంపు అక్షరముగా.

కాని తప్పు అక్షరముది గాదు. మనము మామూలుగా వ్రాసికొను 'జ్ఞా' ఎవరికిని అపకారము చేయలేదు. ఆ సందేశములలో తిరిగినదానిలో జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అను నాలుగు అంకెలకు నడుమ, దీర్ఘమునకు ముందు, 8204 అను కంటికి కనబడని అయిదవ అంకె ఒకటి దాగియుండెను. అది 'ఇచ్చట అతుకవలదు' అని చెప్పు గుర్తు. దుష్టమైనది కాదు, 'మార్కెట్‌లో' అని వ్రాయునపుడు టకారపు పొల్లు లకారముతో కలిసి 'మార్కెట్లో' కాకుండ కాపాడునది అదియే. చోటుగాని చోట ఆ గుర్తు వచ్చుసరికి అక్షరములను అల్లు ప్రోగ్రాము దారి తప్పినది. బెంగాలీ, దేవనాగరి కూర్పులు కొన్ని కూడ అదే పని చేయగలవని పరిశీలించినవారు చూపిరి. ఆపిల్‌వారు ఫిబ్రవరి 19న 11.2.6 అను కూర్పు విడుదల చేసి దోషమును సవరించిరి. మందు దొరికినది, అపవాదు మాత్రము తెలుగు జ్ఞానము నెత్తిన మిగిలినది. జ్ఞానము అధికమైనచో తల తిరుగునని అప్పుడు హాస్యమాడినవారిలో నేనును ఒకడను. ఇప్పుడైన ఆడను.

ఎందుకనగా, ఇంతవరకు చెప్పినదెల్ల నాకు పరాయి కథవలెనే ఉండెను. పోయిన నెలలో నా యింటికే వచ్చినది.

1999లో నేను నల్లగొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేయుచుండగా, తొమ్మిదవ తరగతి పిల్లలచేత వారి అవ్వలు, తాతలు మాటలాడు మాటలను సేకరింపజేసితిని. తొవ్వ, దూప, అర్ర, సాన్పి, కందిలి, ఎవుసము — ఇటువంటివి కొన్ని వందలు. ప్రతి మాటకు అర్థము, చెప్పిన అవ్వ పేరు. ఆబిడ్స్ ప్రాంతములో ఒక డీటీపీ దుకాణమున కంపోజు చేయించి, చందాలు పోగుచేసి చిన్న పుస్తకముగా వేయించితిమి. ప్రతులు చేతులు మారి పోయినవి. నా కడ నున్న ఒక్క ప్రతిని చెదలు తిన్నవి. అయినను కంపోజింగు దస్త్రము ఫ్లాపీనుండి సీడీకి, సీడీనుండి కంప్యూటరునకు మారుచు భద్రముగా ఉన్నదని ధైర్యముతో ఉంటిని. మేనల్లుడు దానిని తెరచెను. తెలుగు లేదు. పుట పుటంతయు ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, ఫ్రెంచివారి టోపీ అక్షరములు.

యూనికోడు పట్టికలో 1991నుండియే తెలుగునకు చోటున్నను, మన డీటీపీ దుకాణములకు అది చేరుటకు చాల ఏండ్లు పట్టినది. అంతవరకు ఎవరి ఫాంటు వారిది, ఎవరి పట్టిక వారిది. 256 గదులు గల రోమను పట్టికలోనే ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో వత్తు, ఒక గదిలో అక్షరపు మొండెము దాచిరి. ఆ ఫాంటు ఉన్నంతకాలము తెరమీద తెలుగు కనబడును. ఫాంటు పోయినచో కోటకు తాళముపోయి, లోన నున్నవారు పేర్లు మరచిపోయినట్లగును. ఆబిడ్స్ కాలిబాట మీద ఆదివారము పరచు పాత పుస్తకములలో సీసపు అక్షరములతో అచ్చయినవి నేటికిని కొనుచున్నాను. తలక్రిందులైన అక్షరములుండును, అరిగిన కొమ్ములుండును. చదువలేని పుట ఒక్కటియు లేదు. ఇరువదియైదేండ్లనాటి నా దస్త్రము చదువరానిదైనది.

మేనల్లుడు తన వినోదపు ప్రోగ్రామును పక్కకు పెట్టి, దానికి విలోమమైనది వ్రాయ మొదలుపెట్టెను. చెదలు మిగిల్చిన పుటలను ప్రక్కన నుంచుకొని, ఏ గుర్తునకు ఏ ముక్క యని నేను చెప్పుచు, ఆతడు పట్టిక కట్టుచు, పదునెనిమిది రాత్రులు కూర్చుంటిమి. ఆ ఫాంటులో రేఫపు వత్తు అక్షరమునకు ఎడమ ప్రక్కగా ముందే వచ్చును. దానిని తీసి అక్షరము వెనుక చేర్చవలెను. ఆ నియమము చేర్చుట మరచిన రాత్రి 'అర్ర' అనుమాటలో వత్తు పోయి అకారమునకు తగులుకొనినది. అచ్చునకు వత్తేమి? కంపోజు చేసినవారు తొందరలో కొన్నిచోట్ల పూర్ణానుస్వారమునకు బదులు అంకెలలోని సున్నను కొట్టియుండిరి. కంటికి 'కందిలి'యే, వెదకినచో దొరకదు. ఒక్కొక్క మాట చీకటిలోనుండి అవ్వ వచ్చినట్లు వచ్చుచుండెను. ప్రక్కన పేరు కూడ వచ్చుచుండెను. ఆ అవ్వలలో ఎందరున్నారో నేను మేనల్లునకు చెప్పలేదు, ఆతడు అడుగలేదు.

ఒకే యొక మాట నిలిచిపోయినది. దస్త్రము చేతులు మారుటలో ఎక్కడనో ఒక అక్షరము నశించి దాని స్థానమున ప్రశ్నార్థకము మిగిలినది. 'గ', ప్రశ్నార్థకము, సున్న, 'చె'. అర్థము: 'కుండలు, మూటలు పెట్టుకొను కాళ్ళబల్ల'. చెదలు మిగిల్చిన అక్షరపు సగము చూచి దకారమో డకారమో చెప్పలేకపోతిని. నిఘంటువులో 'గడమంచె' కలదు. దానికి ఇది చుట్టమై యుండునని తోచినది. తోచుట వేరు, తెలియుట వేరు. ఆ మాట తెచ్చిన బాలిక నేడు తానే ఒక బడిలో ఉపాధ్యాయురాలని విని, సంఖ్య సంపాదించి ఫోనులో సందేశము పంపించితిని. గంటలో జవాబు వచ్చెను, "సార్ నమస్తే" అని మొదలుపెట్టి, ఆ మాట కూడ ఉన్నది. అంతయు రోమను లిపిలో! దకారమునకును డకారమునకును ఒకే అక్షరము వాడు లిపి అది.

మేనల్లుడు కడుపు పట్టుకొని నవ్వుచుండగా నేను ఆమెకు ఫోను చేసి, "అమ్మా, ఆ మాటను ఒకసారి నోటితో పలుకుము" అని అడిగితిని.

"గడంచె, సార్" అనెను ఆమె. "మా అవ్వది ఇప్పటికీ ఇంట్లనే ఉంది."